ఎంఎల్‌సీ (మెడికో లీగల్) కేసులో అవయవదానం: స్టేషన్, మార్చురీ, ఆసుపత్రి ఏ గంటకు ఏం చేయాలి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ బ్రెయిన్ డెత్ దాకా వచ్చే కేసుల్లో చాలావరకు పదహారో నంబరు హైవే మీద తలకు దెబ్బ తగిలినవే. అంటే దాదాపు అన్నీ ఎంఎల్‌సీలే. "పోలీసు కేసు కదండీ, పోస్టుమార్టం కాకుండా అవయవాలు ఎట్లా తీస్తారు?" అని ఐసీయూ బయట ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కోసారి అడిగేది కానిస్టేబులే. తీయొచ్చు. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టంలోని 6వ సెక్షన్ పోస్టుమార్టానికి వెళ్లాల్సిన శరీరం గురించే మాట్లాడుతుంది. మరణ కారణం తేల్చడానికి ఆ అవయవం అవసరం లేదనుకుంటే సేకరణకు అనుమతి ఇవ్వొచ్చంటుంది. పోలీసు, పోస్టుమార్టం డాక్టరు ఏం చేయాలో 2014 నిబంధనల్లోని 6వ నిబంధన వరసగా చెబుతుంది.

కేసు చెడిపోయేది ఆలస్యం వల్ల. బంధువులు సంతకం పెట్టాక స్టేషన్‌కు ఫోను, ఎస్‌ఐ గారు బందోబస్తులో, రాతపని చూసే రైటరు కోర్టులో, పంచాయతీదార్లు (శవపంచాయతీకి, అంటే పోలీసులు శరీరాన్ని పరిశీలించి నివేదిక రాసేటప్పుడు, సాక్షులు) ఊళ్లో. ఇలా ఎనిమిది గంటలు పోతే రక్తపోటు పడిపోయి గుండె ఆగుతుంది, ఇక కళ్లు తప్ప ఏమీ మిగలవు. అందుకని ఈ పద్ధతి మొత్తం ఒక లెక్క మీద నడుస్తుంది. బ్రెయిన్ డెత్ పరీక్ష రెండుసార్లు చేయాలి, రెంటికీ మధ్య కనీసం 6 గంటలు ఉండాలి. మీ ఏర్పాట్లన్నీ ఆ ఆరు గంటల్లోనే పూర్తి కావాలి.

చేర్చిన రోజే మూడు పనులు

దానం సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా తర్వాత ఇబ్బంది రాకుండా కాపాడేవి ఈ మూడే.

మొదటిది రక్తం. క్యాజువాల్టీలో తీసిన తొలి శాంపిల్ మీకు బంగారం. రక్తం ఎక్కించక ముందుది, సెలైన్లు పోక ముందుది. మూడో రోజు పోస్టుమార్టంలో తీసిన రక్తంలో మద్యం ఆనవాలు దొరకదు. ఆసుపత్రి ల్యాబు ఆ శాంపిల్‌ను రెండు మూడు రోజుల్లో పారేస్తుంది కాబట్టి, ఎంఎల్‌సీ ఇంటిమేషన్ అందిన రోజే "ఫలానా ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు శాంపిల్ ఉంచండి" అని రాసిచ్చి రసీదు తీసుకోండి. మద్యం పరీక్షకైతే సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబులో 5 మిల్లీలీటర్లు.

రెండోది బట్టలు. క్యాజువాల్టీలో కత్తిరించి మంచం కింద పడేస్తారు, ఆయా ఊడ్చేస్తుంది. టైరు ముద్ర, బండి రంగు, గ్రీజు మరక ఉండేది వాటి మీదే. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టించండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది.

మూడోది ఫొటోలు. తలకు ఆపరేషన్ చేయక ముందు, కట్టు కట్టక ముందు, పక్కన స్కేలు పెట్టి తీసినవి. ఆపరేషన్ అయ్యాక అసలు గాయం ఏదో, సర్జన్ కోత ఏదో విడదీయడం కష్టం. కావలిలోనో కందుకూరులోనో ప్రథమ చికిత్స చేసి పంపితే, అక్కడి గాయాల రిజిస్టరు నకలు కూడా అదే రోజు తెప్పించండి.

మొదటి పరీక్ష అయిన వెంటనే

మొదటి పరీక్ష పాజిటివ్ అని తెలిసిన క్షణం నుంచి ఆసుపత్రిలో అవయవదానం పనులు చూసే సమన్వయకర్త మూడు ఫోన్లు చేయాలి: రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌కు, కేసు ఉన్న స్టేషన్‌కు, పోస్టుమార్టం చేయాల్సిన ఫోరెన్సిక్ డాక్టరుకు. స్టేషన్‌కు నేరుగా గానీ ఆసుపత్రిలోని అవుట్‌పోస్టు ద్వారా గానీ చెప్పొచ్చు. అధికారిక విజ్ఞప్తి సమ్మతి వచ్చాకే రాస్తారు, దాని నకలు అదే సమయంలో ఫోరెన్సిక్ డాక్టరుకూ వెళ్లాలి. ఇప్పుడు చేసేది ముందస్తు సమాచారం మాత్రమే. దీనికి సమ్మతితో పనిలేదు. బంధువులు వద్దన్నా పోయేదేమీ లేదు, ఎలాగూ శవపంచాయతీ చేయాల్సిన కేసే.

స్టేషన్‌లో ఫోను అందుకున్న వాళ్లు చేయాల్సినవి:

1. క్రైం నంబరు, సెక్షన్లు, దర్యాప్తు అధికారి పేరు, సెల్ నంబరు అవుట్‌పోస్టుకు పంపండి. ఎఫ్‌ఐఆర్ ఇంకా కట్టకపోతే ఇప్పుడే కట్టండి. హద్దు తగాదా ఉంటే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది కదా.

2. దర్యాప్తు అధికారి బయల్దేరాలి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు, కనిగిరి నుంచి ఒంగోలుకు దూరం తక్కువేం కాదు. రెండో పరీక్ష అయ్యాక బయల్దేరితే రాత్రవుతుంది. రాలేని పరిస్థితి అయితే ఆసుపత్రి ఉన్న హద్దులోని స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ)కి ఆ విషయం ఫోనులో సరిపెట్టకుండా కాగితం మీద పెట్టండి. డీఎస్పీ గారి చెవిన కూడా వేయండి.

3. పంచాయతీదార్లను సిద్ధం చేయండి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194వ సెక్షన్ అడిగేది ఆ చుట్టుపక్కల ఉండే గౌరవస్తులు ఇద్దరో అంతకంటే ఎక్కువమందో. ఐదుగురు ఉండాల్సిందే అన్నది మన అలవాటు. ఐదో మనిషి బస్సు దిగే దాకా కిడ్నీలు ఆగవు.

4. కేసు మేజిస్ట్రేటు చేతికి వెళ్లేదా చూడండి. పెళ్లయి ఏడేళ్ల లోపు చనిపోయిన మహిళ అయితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అంటే తహసీల్దారుకో ఆర్డీఓకో, కస్టడీలో మరణం అయితే జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు ఇప్పుడే చెప్పాలి. ఇది మర్చిపోయి అంతా అయ్యాక గుర్తుకు రావడం తరచుగా జరిగేదే.

గుర్తు తెలియని మనిషి అయితే మీ పని ఇంకా ముందే మొదలవ్వాలి. సమ్మతి ఇచ్చే మనిషి లేకపోతే దానం లేదు. క్లెయిమ్ చేయని శరీరానికి చట్టంలో వేరే దారి ఉంది గానీ అది మరణించాక 48 గంటల తర్వాతి మాట, బ్రెయిన్ డెత్‌లో అంతసేపు శరీరం నిలవదు. బండి నంబరు, సిమ్ము, జేబులో వేబిల్లు. కృష్ణపట్నం పోర్టు లారీల మీద, రొయ్యల చెరువుల దగ్గర పనికొచ్చిన వాళ్లైతే సొంత ఊరు వేరే రాష్ట్రం కావచ్చు. అక్కడి స్టేషన్ ద్వారా బంధుత్వం ఖాయం చేసుకోనిదే ఫోనులో ‘అన్నను’ అన్నవాళ్లను నమ్మి సమ్మతి తీసుకోనివ్వకండి.

బంధువులతో ఎవరు మాట్లాడాలి

పోలీసు మాట్లాడకూడదు. యూనిఫాంలో ఉన్న మనిషి "దానం చేయండమ్మా" అంటే బతిమాలినట్టుండదు, ఆజ్ఞలా వినపడుతుంది. ముందు బ్రెయిన్ డెత్ అయిందని డాక్టరు చెప్పాలి. ఆ మాట వాళ్లకు ఎక్కాక, కాసేపు ఆగి, సమన్వయకర్త దానం గురించి అడగాలి. రెండూ ఒకే ఊపిరిలో చెబితే "మావాణ్ణి అవయవాల కోసం చంపేశారు" అనే మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. బ్రెయిన్ డెత్ నిర్ధారించే నలుగురు డాక్టర్ల బోర్డులో అవయవాలు తీసే, అమర్చే డాక్టర్లు ఉండరన్నది కూడా వాళ్లకు చెప్పాల్సిన మాటే.

మిమ్మల్ని అడిగితే మాత్రం సూటిగా చెప్పండి: "అన్నా, మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా కేసు కేసే. పోస్టుమార్టం ఎలాగూ ఉంటుంది. ఇస్తామంటే మా వైపు నుంచి ఆలస్యం ఉండదు. ఇందులో ఎవరికీ డబ్బు ఇవ్వాల్సింది లేదు, తీసుకోవాల్సిందీ లేదు." ఆసుపత్రి బిల్లు మాఫీని సమ్మతికి ముడిపెట్టినట్టు మీ చెవిన పడితే అక్కడే ఆపండి. సమ్మతి తర్వాత ఆ శరీరాన్ని నిలిపి ఉంచే ఖర్చు ఎలాగూ దాత కుటుంబం మీద పడకూడదు.

సంతకం ఎవరిదన్నది దర్యాప్తు అధికారి చూడాల్సిన విషయం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరు. పెద్దవాళ్లకు దగ్గరి బంధువు. భార్య మరణంలో భర్త మీదే అనుమానం ఉంటే అతని సంతకంతో ముందుకు పోవద్దు, ఆమె తల్లిదండ్రులను పిలిపించండి. చట్టం ప్రకారం ఒక్కరి సంతకం చాలినా, ఇంట్లో ఒకరు గట్టిగా అడ్డం తిరిగితే వదిలేయడమే మేలు.

శవపంచాయతీ ఐసీయూలోనే

రెండో పరీక్ష పూర్తయి, నలుగురూ సంతకాలు పెట్టాక ఆ మనిషి చట్టం దృష్టిలో చనిపోయినట్టే. అప్పటిదాకా శవపంచాయతీ మొదలుపెట్టకూడదు. వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతుంటుంది, మానిటర్‌లో గుండె కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. పంచాయతీదార్లు జంకుతారు. లోపలికి తీసుకెళ్లే ముందే డ్యూటీ డాక్టరు చేత ఐదు నిమిషాలు చెప్పించండి. మొదటిసారి చేసే ఎస్‌ఐలకు కూడా అది అవసరమే.

అప్పటికే కేసు సెక్షన్ మార్చాలి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, 125 కింద కట్టింది 106(1)కి, అంటే నిర్లక్ష్యం వల్ల మరణానికి, ఆల్టర్ అవుతుంది. మెమో కోర్టుకు పంపండి. శవపంచాయతీ నివేదిక 24 గంటల్లో జిల్లా మేజిస్ట్రేటుకో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో చేరాలి.

ఇక అన్నింటికన్నా ఎక్కువ తప్పులు దొర్లేది మరణ సమయం దగ్గర. బ్రెయిన్ డెత్ ధ్రువపత్రంలో రెండో పరీక్ష పూర్తయిన సమయం ఉంటుంది. నర్సు కేస్ షీటులో వెంటిలేటర్ తీసిన సమయం రాస్తుంది. రైటరు డెత్ ఇంటిమేషన్ స్టేషన్‌కు అందిన సమయం వేస్తాడు. మూడు కాగితాల్లో మూడు సమయాలు. ఒక దాంట్లో సేకరణ ఆపరేషన్ మరణానికి ముందే జరిగినట్టు కనిపిస్తుంది. డిఫెన్సు లాయరుకో ఇన్సూరెన్సు కంపెనీ లాయరుకో ఇంతకన్నా ఏం కావాలి? ధ్రువపత్రం పక్కన పెట్టుకుని, అందులోని తేదీ, గంట, నిమిషం మూడింటిలోనూ అలాగే దించండి.

పంచనామాలో గొట్టాలు, సూది గుర్తులు, డ్రెయిన్లు, తల ఆపరేషన్ కుట్లు విడిగా రాసి ‘చికిత్స గుర్తులు’ అని పెట్టండి. ఒంటికి బీటాడిన్ పూయక ముందే ఫొటోలు మళ్లీ తీయండి. వీపు మర్చిపోవద్దు. వీపు వైపు తిప్పడానికి ఇద్దరు నర్సులు కావాలి, ముందే అడగండి.

అభ్యంతరం లేదని రాసే కాగితం

నిబంధన అడిగేది సకాలంలో సేకరణ జరిగేలా సహకరించమని. మన దగ్గర వాడుకలో అది ఎన్‌ఓసీ అయింది. ‘నో అబ్జెక్షన్’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెడితే చాలదు. ఇలా ఉండాలి:

"క్రైం నంబరు ___, సెక్షన్ ___ కేసులో బ్రెయిన్ డెత్‌గా ధ్రువీకరించిన ___, వయసు ___, ఐపీ నంబరు ___. శవపంచాయతీ ___ తేదీ ___ గంటలకు పూర్తయింది. సమ్మతి పత్రం చూశాను. ___, ___, ___ సేకరించడానికి దర్యాప్తు పరంగా అభ్యంతరం లేదు. సేకరణ నివేదిక నకలు పోస్టుమార్టం డాక్టరుకు ఇవ్వాలి. శరీరాన్ని ___ మార్చురీకి పంపాలి."

అవయవాల పేర్లు ఖాళీగా వదిలి సంతకం పెట్టొద్దు. కిందే ఫోరెన్సిక్ డాక్టరు అభిప్రాయం, సంతకం.

ఏ కేసులో ఏది ఆపాలి

మొత్తంగా ‘వద్దు’ అనాల్సిన కేసులు తక్కువ. సాక్ష్యం ఏ భాగంలో ఉందో చూసి అంతవరకే ఆపాలి.

రోడ్డు ప్రమాదంలో తలకు గాయం, మిగతా ఒళ్లు క్షేమం: అన్నీ ఇవ్వొచ్చు. కర్రతో కొట్టిన హత్య కేసు అయినా ఇదే లెక్క, మరణ కారణం పుర్రెలో ఉంది. కాకపోతే ఫోరెన్సిక్ డాక్టరు థియేటర్‌లో నిలబడాల్సిందే, వీడియో తీయాల్సిందే.

ఉరి కేసు: సాక్ష్యమంతా మెడలో ఉంది. గుండె, ఊపిరితిత్తులు తీసే కోత రొమ్ము ఎముక పైఅంచు దాకా వస్తుంది. అది మెడలోకి పోకూడదని సర్జన్లకు ముందే చెప్పండి. మెడకు సూది గొట్టం పెట్టి ఉంటే ఏ వైపు, ఎప్పుడు పెట్టారో రాయించండి.

పొట్టలో కత్తిపోటు: గాయపడిన అవయవం సాక్ష్యం, దాన్ని దానానికి ఇవ్వొద్దు. మిగతావి డాక్టరు నిర్ణయం.

పురుగుమందు కేసులు: ఇక్కడ చిక్కు దర్యాప్తుది కాదు, పరీక్షది. మందు ప్రభావం, మత్తు, కండరాలను పడకేసే ఇంజెక్షన్లు ఒంట్లో ఉండగా బ్రెయిన్ డెత్ పరీక్ష చెల్లదు. డాక్టర్లు ఆగుతుంటే తొందర పెట్టకండి.

పసిబిడ్డను కొట్టారన్న అనుమానం: కంటి లోపలి రక్తస్రావం పెద్ద ఆధారం. ఫోరెన్సిక్ డాక్టరు చూడనిదే కళ్లు ఇవ్వొద్దు.

థియేటర్‌లో ఫోరెన్సిక్ డాక్టరు

ఆఫీసు వేళలు దాటినా సేకరణ సమయంలో ఫోరెన్సిక్ డాక్టరును రమ్మని అడగాలని నిబంధనే చెబుతోంది. డాక్టరు గారూ, రావడం వల్ల మీకే లాభం: ఛాతీ, పొట్ట తెరిచిన క్షణంలో లోపల ఉన్నది ఉన్నట్టు చూసేది అప్పుడొక్కసారే. తర్వాత మార్చురీ బల్ల మీద మీకు దొరికేది కడిగేసిన గది.

కోత పెట్టగానే పొట్టలో, ఛాతీలో రక్తం ఎంత ఉందో కొలిపించండి. కాలేయం చీలిందా, పక్కటెముకలు విరిగాయా అన్నది అక్కడే నోట్ చేయండి. రసాయన పరీక్షకు రక్తం, మూత్రం కావాలంటే చల్లని ద్రవం ఎక్కించక ముందే తీయాలి, అది పోయాక తీసిన రక్తం పలచబడిపోతుంది. గుండె బరువు కావాలంటే పెట్టెలో పెట్టక ముందే తూయించండి.

రెండు విషయాలు కొత్తవాళ్లను తికమక పెడతాయి. రక్తనాళాలు బిగించే ముందు హెపారిన్ ఇస్తారు, కిలోకు సుమారు 300 యూనిట్లు. దాంతో రక్తం గడ్డకట్టదు, కోసిన చోటల్లా ఊరుతుంది. అది బతికుండగా తగిలిన గాయమని రాసేస్తే కేసు తలకిందులవుతుంది. రెండోది, సర్జన్లు పేరు చెప్పిన అవయవాలే కాకుండా మ్యాచింగ్ పరీక్షకు ప్లీహం ముక్క, లింఫు గ్రంథులు, అతుకులకు తొడకు ఎగువన కటి భాగంలో ఉండే పెద్ద రక్తనాళాలు కూడా తీస్తారు. సేకరణ నివేదికలో అవి లేకపోతే మీ రిపోర్టులో ‘కనపడలేదు’ అని మిగిలిపోతుంది. సర్జను చెయ్యి కడుక్కుని వెళ్లిపోక ముందే నివేదిక చదివి సంతకం చేయించండి. వాళ్లకు గుండె పెట్టె పట్టుకుని పరుగెత్తే తొందర.

గ్రీన్ ఛానల్

అవయవం పెట్టె ఆగకుండా వెళ్లేలా రోడ్డు ఖాళీ చేయించడమే గ్రీన్ ఛానల్. తీసిన అవయవం నిలిచే గడువు గుండె, ఊపిరితిత్తులకు 4 నుంచి 6 గంటలు, కాలేయానికి 8 నుంచి 12, కిడ్నీలకు 24 గంటలు దాటినా కొంత వెసులుబాటు. ఈ లెక్క థియేటర్‌లో నాళాలు బిగించిన నిమిషం నుంచి మొదలవుతుంది, ఆంబులెన్సు గేటు దాటినప్పటి నుంచి కాదు. ఆపరేషనుకు చాలా గంటలు పడుతుంది కాబట్టి బయల్దేరే సమయం గంట ముందు ఒకసారి, పదిహేను నిమిషాల ముందు ఒకసారి సమన్వయకర్త చెప్పాలి. పొద్దున్నే కానిస్టేబుళ్లను నిలబెట్టి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచితే అసలు సమయానికి సెంటర్లో ఎవరూ ఉండరు.

నెల్లూరు నుంచి తిరుపతి వైపు అయితే హైవే మీద నాయుడుపేట, అక్కడి నుంచి శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట. ఒంగోలు నుంచి విజయవాడ వైపు అయితే మేదరమెట్ల, చిలకలూరిపేట, గుంటూరు. చేయాల్సినవి:

- ముందు పైలట్ వాహనం, వెనక ఖాళీ ఆంబులెన్సు ఒకటి. టైరు పేలితే పెట్టె మారుతుంది, సమయం పోదు.
- జిల్లా సరిహద్దులో అవతలి పోలీసుకు అప్పగించే చోటు పేరుతో సహా ముందే ఖాయం.
- వెంకటాచలం, టంగుటూరు లాంటి టోల్‌ప్లాజాల్లో ఒక లేను ఖాళీగా, గేటు ఎత్తి, ఒక మనిషి నిలబడి.
- ఊళ్లో దారి వేరు, వాన వస్తే వేరు. నెల్లూరులో గట్టి వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండో దారి కాగితం మీద ఉండాలి.
- పెట్టె ఎవరూ తెరవకూడదు. లోపల అవయవం మంచు మధ్య ఉంటుంది. చెక్‌పోస్టులో చూపడానికి జీవన్‌దాన్ కేటాయింపు పత్రం డ్రైవరు పక్కన.

పోస్టుమార్టం, అప్పగింత

ప్రైవేటు ఆసుపత్రిలో సేకరణ జరిగితే, శరీరాన్నీ రికార్డులనూ పెద్దాసుపత్రి మార్చురీకి చేర్చే బాధ్యత ఆ ఆసుపత్రిదే. బండి కోసం బంధువులు తిరగకూడదు. ఇలాంటి కేసులను మార్చురీ ముందు వరసలో, వేళ దాటినా చేయాలి. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ తగిన వెలుతురు, వసతి ఉంటే సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయొచ్చని ఉత్తర్వులిచ్చింది, అవయవదానం కేసులకు ప్రాధాన్యం ఇవ్వమంది. రాత్రి చేస్తే మొత్తం వీడియో తీయాలి. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలకు ఈ వెసులుబాటు లేదు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప. కాబట్టి ఉరి కేసు బంధువులకు "రాత్రికే ఇచ్చేస్తాం" అని మాట ఇవ్వొద్దు, పొద్దున అని ముందే చెప్పండి.

రిపోర్టులో లేని అవయవాల పక్కన ‘సేకరణ నివేదిక ప్రకారం తీశారు’ అని తేదీతో రాసి, ఆ నివేదికను పోస్టుమార్టం నోట్సుకు జత చేయండి. అభిప్రాయంలో మరణ కారణం తల గాయమని విడమరచి ఉండాలి. ప్రమాద పరిహారం కేసులో అవతలి పక్షం మొదట పట్టుకునేది ఆ ఒక్క వాక్యాన్నే.

గుండె ఆగిపోయినా కళ్లున్నాయి

పైన చెప్పినంత హంగామా లేకుండా ఏ మండల స్టేషన్ అయినా చేయగలిగింది కంటిదానం. మరణం తర్వాత 6 గంటల లోపు. శవపంచాయతీకి వెళ్లిన చోట బంధువులు తమంతట తాము అడిగితే వెంటనే ఐ బ్యాంకుకూ పోస్టుమార్టం డాక్టరుకూ ఫోను చేయండి. ఈలోపు కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా ఉంచి, పైన ఫ్యాను ఆపించండి. ఫ్యాను గాలికి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఎండిపోతుంది, మన ఎండాకాలంలో మరీను. విషం అనుమానం ఉన్న కేసులో కంటి లోపలి ద్రవం పరీక్షకు కావాల్సి రావచ్చు. అప్పుడు గుడ్డు మొత్తం తీయకుండా కార్నియా మాత్రమే తీయమని అడిగితే సరిపోతుంది. కుక్కకాటుతో రేబిస్ వచ్చి చనిపోయినా, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి ఉన్నా తీసుకోరు. మరణ ధ్రువీకరణ, బంధువు సమ్మతి, ఇద్దరు సాక్షులు, కేసు ఉంటే మీ కాగితం. ఐ బ్యాంకు వాళ్లు రక్తం కొద్దిగా తీసుకుంటారు, దాన్ని కూడా పంచనామాలో ఒక వాక్యంగా రాయండి. లేకపోతే చేతి మీది ఆ కొత్త సూది గుర్తు ఏమిటని తర్వాత మిమ్మల్నే అడుగుతారు.